నాలుగో అంతస్తు తూకాలు

రోజు 61, మంగళవారం

ఈ ఉదయం పెద్దమ్మ పలక మీద నిలబడి చేతులు పైకెత్తగానే ఆమె చేతి గడియారం జారి మోచేతి దగ్గర ఆగింది. పోయిన వారం ముంజేతి సగంలోనే ఆగేది. ఆమె గమనించలేదు. నేను చూసి కూడా చెప్పలేదు.

పలక అంటే తలుపు పక్కన నేలలో బిగించిన ఇనప రేకు. పొద్దున ఆరింటికి ఒక్కొక్కరం దాని మీదికి ఎక్కుతాం. ముందు పెద్దమ్మ, తర్వాత కోటమ్మ, చివర నేను. ఆరున్నరకి మా అంతస్తులోని పన్నెండు గదుల అంకెలూ నా ముందున్న చిన్న తెర మీదికి వస్తాయి. వాటిని మైకులో బయటి గేటు దగ్గరున్న ఇన్‌చార్జికి చదవడం నా పని. అక్కడి యంత్రం నా గొంతు విని రాసుకుంటుంది. ఒక యంత్రం చెప్పింది ఇంకో యంత్రం నేరుగా నమ్మకూడదని చట్టం వచ్చినప్పటి నుంచి మధ్యలో ఒక మనిషి నోరు ఉండాలి. నాలుగో అంతస్తుకి ఆ నోరు నాది. కాన్వెంటులో పొద్దుటి ప్రార్థనకి చదవమంటే గొంతు పూడుకుపోయి ఏడ్చినదాన్ని. అంకెలైతే చదవగలను. అంకెల్లో నా మాట ఏమీ ఉండదు.

జబ్బుని అరుచి అంటున్నారు. ముందు అన్నం సయించదు. ఒళ్ళు తగ్గుతుంది. పదో రోజుకి ఊపిరి అందదు. ఒళ్ళు తగ్గడం మొదలైన రోజు నుంచే పక్కవాళ్ళకి అంటుకుంటుంది. అందుకే ఈ తూకం. ఏడు రోజుల్లో రెండు కిలోలు తగ్గితే తలుపు మీద ఎర్రదీపం వెలుగుతుంది. తొడుగులు వేసుకున్న మనుషులు వచ్చి ఆ మనిషిని ఆవరణలోని తెల్లషెడ్డుకి తీసుకెళ్తారు. అక్కడి నుంచి ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు.

ఈ భవనం ఒకప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీ. జబ్బు బయట పాకుతుంటే మమ్మల్ని ఇందులో చేర్చి తలుపులు మూసి నేటికి అరవై ఒక్క రోజు. కిటికీలు లేవు. ఎండ ముదిరితే గోడల్లోంచి ఘాటు వస్తుంది, ముగ్గురం తుమ్ముతాం.

పదకొండింటికి పెద్దమ్మ బియ్యం కొలిచింది. పెద్దమ్మ పేరు దీవెనమ్మ, మా అమ్మకి అక్క. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిల్ స్త్రీగా పల్లెలు తిరిగింది. కొలిచిన బియ్యంలోంచి తనకో పిడికెడు, నాకో పిడికెడు తీసి గిన్నెలో వేసింది. ఇది మా సంఘంలో ఆడవాళ్ళ పాత అలవాటు. ఎసట్లో పోసేముందు మనిషికో పిడికెడు పక్కన పెట్టి ఆదివారం చర్చికి తెచ్చేవాళ్ళు. తిండి లేని ఇళ్ళకి అది వెళ్ళేది. ఇప్పుడు ఆదివారం దాకా ఆగడం లేదు. ప్రతి గదిలోనూ ఒక మూల పాత అమోనియా గొట్టం ఉంది. ఒకప్పుడు ఆరు అంతస్తులకీ చల్లదనం మోసినది, ఇప్పుడు ఖాళీ. పెద్దమ్మ మూత విప్పి, అడ్డుపెట్టిన తడిగుడ్డ తొలగించి, గరిటెతో మూడుసార్లు కొట్టి బియ్యం పోసింది. అది చాలాసేపు వానలా జారింది. కింద నుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

కింద దిగుమతి గది. తలుపులు మూసిన రోజు చివరి లారీ శనగలు దించుతున్న హమాలీలు, బస్తాలు కుట్టే ఆడవాళ్ళు అక్కడ ఉండిపోయారు. బయటి షట్టర్ పడింది. లోపలి తలుపు తెరుచుకోలేదు. శనగలు అయిపోయాక, పందొమ్మిదో రోజున, గొట్టంలో దెబ్బలు వినిపించాయి. ఎంతమంది అని పెద్దమ్మ అరిస్తే ఇరవై నాలుగు దెబ్బలు కొట్టారు. గేటు ఇన్‌చార్జికి మూడుసార్లు చెప్పాం. జాబితాలో లేనివాళ్ళకి బియ్యం రాదన్నారు. గొట్టంలో మాట్లాడితే ఊపిరితో జబ్బు పాకుతుందని అప్పటి నుంచి దెబ్బలే.

"మీ దేవుడితో చెప్పి ఆ గొట్టం కాస్త వెడల్పు చేయించు దీవెనమ్మక్కా" అంది కోటమ్మ. కోటమ్మ మా సంఘం మనిషి కాదు. యార్డులో మిరపకాయల తొడిమలు తీసేది. గదుల కేటాయింపులో మా పాలపడింది.

"ముందు నీ పిడికిలి వెడల్పు చెయ్యి" అంది పెద్దమ్మ.

"నాదెందుకు? నాకు పరలోకంలో ప్లాటు లేదుగా."


రోజు 62, బుధవారం

చదువుతూ ఉండగా ఈ రోజు నాకు అర్థమైంది.

పన్నెండు గదుల్లో ఎనిమిది మా సంఘానివి. మిగతా నాలుగు గదుల అంకెలు నెల రోజులుగా అక్కడే ఉన్నాయి. మా ఎనిమిది గదుల అంకెలు జారుతున్నాయి. ఒకరివి మూడు వందల గ్రాములు, ఒకరివి అర కిలో. కోటమ్మ ఉన్నది మా గదిలోనే, ఆమెది మాత్రం కదలలేదు. అరుచి గది చూసి వస్తుంది గానీ సంఘం చూసి రాదు. ఇది జబ్బు కాదు, పిడికెడు బియ్యం. గేటు యంత్రానికి ఆ తేడా తెలియదు.

తొమ్మిదో గది ఆనందమ్మగారు ఒక కిలో తొమ్మిది వందలు తగ్గారు. ఆ అంకె దగ్గర నా గొంతు ఆగింది.

"నాలుగో అంతస్తు, తర్వాత?" అన్నారు ఇన్‌చార్జి.

చదివాను.

సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు మా అంతస్తు మైకులు ఒకదానితో ఒకటి కలుస్తాయి. సంఘం అప్పుడే ప్రార్థన పెట్టుకుంటుంది. రెండో గదిలోంచి మా పాస్టరు విజయదానం అయ్యగారు వాక్యం చెబుతారు. ఈ రోజు ఆయన ముగించాక నేను మీట నొక్కాను. నా ఊపిరి అన్ని గదుల్లో వినిపించింది.

"ఎవరమ్మా లైనులో?" అన్నారు అయ్యగారు.

"ఎవరో గుర్రుపెడుతున్నారు అయ్యగారూ, మీ ప్రసంగం అంత బాగుంది మరి" అన్నారు ఆనందమ్మగారు. అందరూ నవ్వారు.

మీట వదిలేశాను.

"ఏందే, ఏం చెప్పబోయావు?" అంది పెద్దమ్మ.

"ఏం లేదు."


రోజు 63, గురువారం

ఆనందమ్మగారికి ఎర్రదీపం వెలిగింది.

అంకె చదివింది నేనే. రెండు కిలోల నూట యాభై. తొమ్మిదింటికి వరండాలో బరువైన బూట్ల చప్పుడు వినిపించింది. మా తలుపు ముందు ఆ చప్పుడు ఆగింది. ఆనందమ్మగారు తలుపు మీద అరచేత్తో కొట్టారు.

"దీవెనమ్మా! నా వంతు పొద్దుటి పిడికెడు వేసేశాలే. మర్చిపోయాననుకునేవు."

"వెళ్ళిరా ఆనందం" అంది పెద్దమ్మ తలుపుకి నుదురు ఆనించి. "నిన్న రాత్రి ఎంత తిన్నావో వాళ్ళకి చెప్పు. ఆకలేస్తుందని చెప్పు."

"చెప్పా. ఆకలేస్తుందని చెప్పడం కూడా జబ్బు లక్షణమేనంట."

బూట్ల చప్పుడు దూరమైంది. షెడ్డులో నిజంగా జబ్బు ఉన్నవాళ్ళు ఉంటారు. లేకుండా వెళ్ళినవాళ్ళకి కూడా అక్కడ వస్తుంది.

కోటమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. మధ్యాహ్నం అన్నం సగమే తింది. నేను భయపడ్డాను. "జబ్బు కాదులే పిల్లా, బాధ" అని మిగతా సగం కూడా తినేసింది.

సాయంత్రం ప్రార్థనలో అయ్యగారు ఎక్కువ మాట్లాడలేదు. పెద్దమ్మ మాట్లాడింది. రేపు తెల్లవారుజాము నుంచి ఎల్లుండి తెల్లవారే దాకా సంఘమంతా ఉపవాసం. నీళ్ళు కూడా ముట్టకూడదు. ఆనందమ్మ క్షేమంగా తిరిగి రావాలని, కిందివాళ్ళకి లోపలి తలుపు తెరవాలని. మానేసిన రెండు పూటల బియ్యం మొత్తం గొట్టంలోకి.

ఎనిమిది గదులూ ఆమెన్ అన్నాయి.

నేను లెక్క వేసుకుంటున్నాను. ఒక రోజు అన్నం, నీళ్ళు లేకపోతే మనిషి కిలో పైనే తగ్గుతాడు. ఇప్పటికే తగ్గిన దాని మీద ఇంకో కిలో. శనివారం ఆరింటికి పలక ఎక్కేది ఉపవాసం విడవక ముందు. మీట నా చేతికి అందే దూరంలోనే ఉంది. ఇది వద్దు అని చెబితే, ప్రార్థన వద్దన్న పిల్ల అవుతాను. ఎలా మొదలుపెట్టాలో మూడు వాక్యాలు మనసులో కట్టుకున్నాను. మూడోది సరిచేసుకునే లోపల ఇరవై నిమిషాలు అయిపోయి మైకు మూగబోయింది.

పెద్దమ్మకి విడిగా చెప్పొచ్చు. ఆమె పక్కనే పడుకుంటాను. చెప్పలేదు. ఆమె ముఖంలో పొద్దుటి నుంచి లేని వెలుగు అప్పుడే వచ్చింది.


రోజు 64, శుక్రవారం

ఉపవాసం.

పొయ్యి వెలిగింది కోటమ్మ కోసమే. ఆమె మాకు వాసన రాకుండా మూత పెట్టి వండుకుని మా వైపు వీపు పెట్టి తింది.

పెద్దమ్మ మా రెండు పూటల బియ్యం గొట్టంలో పోసింది. మిగతా ఏడు గదుల్లోంచి కూడా పోస్తున్నారు. గొట్టం చాలాసేపు ఆగలేదు. కింద నుంచి వచ్చిన దెబ్బలు ఈసారి మూడు కాదు. లెక్కపెట్టడం మానేశాను.

పెదవులు ఎండిపోయాయి. ఈ పేజీ ఇక్కడితో ఆపుతున్నాను.


రోజు 65, శనివారం

ఇరవై ఏడు మందికి ఎర్రదీపాలు.

నేను చదువుతూనే ఉన్నాను. చదివేకొద్దీ వరండాలో ఒక్కో తలుపు మీద దీపం వెలిగే చిన్న చప్పుడు. మా తలుపు మీద రెండుసార్లు. ఒకటి పెద్దమ్మది, ఒకటి నాది.

ఇన్‌చార్జి పేరు శేషాద్రి. ఆయన ముఖం మేమెవరమూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. పెద్ద వయసు గొంతు.

"నాలుగో అంతస్తుకి అంటుకుంది" అన్నారు. "ఒకేసారి ఇంతమందిని తెచ్చేందుకు తొడుగులు లేవు. సోమవారం పదింటికి వస్తారు. ఆ పొద్దున తూకం మళ్ళీ చదువు. ఆ అంకెలే ఆఖరు. అంతవరకు తలుపుల దగ్గరికి కూడా రావద్దు."

సోమవారం లోపల కోల్పోయింది తిరిగి రాదు. నీళ్ళు తాగితే అర కిలో వస్తుంది. మిగతాది కండ.

సాయంత్రం ప్రార్థన ప్రార్థనలా సాగలేదు. ఐదో గది యేసుపాదం గారు గొట్టం మూత, మరలు విప్పి నడుముకి కట్టుకుందామన్నారు. "ఇనుము కిలో సులువుగా వస్తుంది అయ్యగారూ."

"తూకంలో మోసం మనం చేయకూడదు" అన్నారు అయ్యగారు. ఆయన దీపం కూడా ఎర్రదే.

కోటమ్మ మా మీట నొక్కింది. "షెడ్డులో సత్యాన్ని వేరే తూకమేస్తారా అయ్యగారూ?"

అప్పుడు పదకొండో గదిలోంచి ఎవరో చిన్నగా అడిగారు. "పిడికెడు ఆపేద్దామా?"

"ఆపితే వాళ్ళు పోతారు" అంది పెద్దమ్మ. "ఆపకపోతే మనం పోతాం. మనం పోయాక అది ఎట్లాగూ ఆగుద్ది. ఎటు తిరిగినా వాళ్ళే పోతారు."

మైకు మూగబోయాక పెద్దమ్మకి అంతా చెప్పాను. బుధవారమే నాకు తెలుసని. గురువారం నోటిదాకా వచ్చిందని. ఉపవాసం చేస్తే ఇలా అవుతుందని లెక్క వేసి కూడా ఆమెన్ అన్నానని.

కొడుతుందనుకున్నాను. ఆమె మంచం మీద కూర్చుని కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

"నేనెప్పుడన్నా నిన్ను నోరు మూసుకోమన్నానా?"

"లేదు పెద్దమ్మా."

"మరి ఎవరన్నారే?"

నేను గొట్టం మూత మరలు చూస్తూ కూర్చున్నాను.

"చాలా మంచి పిల్లని పెంచాం" అంది ఆమె కోటమ్మతో. "ఇల్లు తగలబడుతున్నా లేచి గట్టిగా చెప్పదు. ఎవరి నిద్రన్నా పాడైద్దేమోనని."

కోటమ్మ నవ్వలేదు. పెద్దమ్మ కూడా నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని, "తప్పు నాది" అంది. "దేవుణ్ణి అడిగే తొందరలో పక్కనున్నదాన్ని అడగలేదు."


రోజు 66, ఆదివారం

పెద్దమ్మ పొద్దునే పిడికెడు తీసింది. మిగతా ఏడు గదులు తీశాయో లేదో తెలియదు. గొట్టంలో బియ్యం జారే చప్పుడు విన్నాకే తెలిసింది. అందరూ తీశారు, కొందరు సగమే.

కోటమ్మ తన బియ్యం డబ్బా దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత ఒక పిడికెడు తెచ్చి గిన్నెలో వేసింది.

"ప్లాటు కోసం కాదు" అంది. "వాళ్ళతో పాటు అదే యార్డులో పదేళ్ళు చేశా. బస్తాల కాటా మీద మమ్మల్ని కూడా ఎక్కించి నవ్వేవాళ్ళు, సచ్చినోళ్ళు. తొడిమల బస్తాకన్నా తేలికంట నేను."

"కాటానా?" అన్నాను.

"దిగుమతి గదిలో కాటా లేకుండా ఎట్లా పిల్లా? బస్తా తూచకుండా దించుతారా?"

గరిటె కింద పెట్టేశాను. గేటు యంత్రానికి కళ్ళు లేవు. అది నన్ను మాత్రమే వింటుంది. నేను పేరు, తూకం చదివితే అది ఆ మనిషి ఉన్నట్టు రాసుకుంటుంది. పేరుకి ఇన్ని గ్రాములు అని బియ్యం లెక్క కట్టేది ఆ రాతనుంచే. కొత్తగా చదివిన పేరుకి మొదటి తూకం ఎప్పుడూ పచ్చదీపమే. తగ్గడానికి వెనక అంకె ఉండదు కదా. వాళ్ళు లేరని ఇన్‌చార్జి అంటున్నది ఎవరూ చదవలేదు కాబట్టి.

ఇది ఇద్దరికీ చెప్పాను. నా నోట అన్ని వాక్యాలు వరసగా రావడం వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

"మరి మన ఇరవై ఏడు మంది?" అంది పెద్దమ్మ.

"ఎందుకు తగ్గామో కూడా చదువుతాను. పొద్దుటి తూకం లైను ఆరు అంతస్తులకీ వినిపిస్తుంది. ఇన్‌చార్జి ఒక్కరే వింటే కొట్టేస్తారు. అందరూ వింటే ఆలోచిస్తారు."

"ఆలోచించకపోతే?"

"పదింటికి వస్తారు."

పెద్దమ్మ తడిగుడ్డ తీసింది. గొట్టం దగ్గర ముఖం పెట్టి మాట్లాడకూడదు, ఊపిరి వస్తుంది. అయినా నేనే పెట్టాను. మూడుసార్లు కొట్టి, "వినపడుతుందా?" అన్నాను.

కింద నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఎవురు? బియ్యపక్కా?"

మమ్మల్ని వాళ్ళు అలా పిలుచుకుంటున్నారు.

ఆమె పేరు మీరాబీ, బస్తాలు కుట్టేది. కాటా ఉందట. పనిచేస్తుందట. పేర్లెందుకని అడిగింది. జాబితాలో రాయడానికన్నాను.

"ఇప్పుడా?" అంది. ఆ ఒక్క మాటే.

ఒక్కొక్కరు కాటా ఎక్కుతుంటే ఆమె అరిచి చెప్పింది. నేను అరిచి అడిగాను. కోటమ్మ బొగ్గుముక్కతో గోడ మీద గీతలు పెట్టింది, పెద్దమ్మ పాటల పుస్తకం అట్ట వెనక నేను రాశాను. సైదులు, నలభై ఒకటిన్నర. ఏడుకొండలు, యాభై. కోటమ్మ మధ్యలో దూరి, "ఏడుకొండలూ! ఎనభై ఉండేవాడివిగా, ఎక్కడ పోగొట్టావురా?" అని అరిచింది. కింద ఎవరో నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగలేదు. నేను అది కూడా విన్నాను.

ఇరవై మూడు పేర్ల దగ్గర ఆగింది.

"ఇరవై నాలుగో పేరు?" అన్నాను.

"ఇరవై మూడే అక్కా. అంకమ్మ అని ఒక ముసలి మామ, నలభై రెండో రోజున పోయాడు. ఆయన పేరు చెప్పాల్నా?"

"చెప్పండి. ఇంటిపేరుతో చెప్పండి."

రాసుకున్నాను. తూకం దగ్గర ఏమీ రాయలేదు.

సాయంత్రం అయ్యగారితో మైకులో నేనే మాట్లాడాను. చదవబోయేదంతా చెప్పి, అందులో అబద్ధం ఏమన్నా ఉందా అని అడిగాను. "లేదమ్మా. చదువు. మేము ఇక్కడ మోకాళ్ళ మీద ఉంటాం." ఆగి, "పొద్దున నీళ్ళు తాగి ఉంటాం" అన్నారు.


రోజు 67, సోమవారం

మూడో అంతస్తు చదివే ఆయన ముగించారు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. రెండు నెలలుగా అంకెలు తప్ప ఏమీ వినలేదు.

"నాలుగో అంతస్తు" అన్నాను.

ఒకటో గది నుంచి పన్నెండో గది వరకు చదివాను. నీళ్ళ బరువు కొంత తిరిగి వచ్చింది, అయినా ఇరవై ఏడు దీపాలు ఎర్రగానే ఉన్నాయి. ఇన్‌చార్జి "సరే, మైకు" అనబోతుంటే నేను చదవడం ఆపలేదు.

"పై ఇరవై ఏడు మంది తూకం తగ్గిన కారణం" అని చదివాను. రాసుకున్నది చూసే చదివాను, చూడకుండా మాట్లాడటం నాకు రాదు. "జబ్బు కాదు. నలభై ఎనిమిది రోజులుగా ప్రతి పూటా మనిషికో పిడికెడు బియ్యం దిగుమతి గదికి పంపడం. శుక్రవారం ఒక రోజు ఉపవాసం. అదే గదిలో నిన్నటి దాకా బియ్యం ఇవ్వని మనిషి తూకం తగ్గలేదు. పోల్చి చూసుకోవచ్చు. తర్వాత, దిగుమతి గది."

"ఏ గది?"

"దిగుమతి గది. గది సంఖ్య సున్నా. సైదులు, నలభై ఒకటిన్నర. ఏడుకొండలు, యాభై. మీరాబీ, ముప్పై ఎనిమిది."

"అమ్మాయ్, ఆగు. వాళ్ళు జాబితాలో..."

ఆగలేదు. ఇరవై మూడు పేర్లూ చదివాను. ఎనిమిదో పేరు దగ్గర పెద్దమ్మ వెనక నుంచి నా వీపు మీద చెయ్యి వేసింది. చివర అంకమ్మ పేరు ఇంటిపేరుతో చదివి, "తూకం లేదు, చనిపోయారు, నలభై రెండో రోజు" అన్నాను.

గేటు యంత్రం కొత్త పేరు రాసుకోగానే ఒక చిన్న గంట మోగిస్తుంది. మోగించింది. నేను లెక్కపెట్టాను. ఇరవై నాలుగు.

"ఈ పేర్లు యంత్రం నోట్లోంచి ఎలా తీయాలో నాకు తెలియదు" అన్నారు శేషాద్రి గారు. ఆయన మాతో అన్నట్టు లేదు.

అప్పుడు ఇంకో గొంతు వచ్చింది. ఐదో అంతస్తు చదివే ఆమె అయ్యుండాలి. "అమ్మాయ్, ఆ గొట్టం మా గదుల్లో ఎక్కడుంటది?"

"ఉత్తరం మూల" అన్నాను. "మూతకి నాలుగు మరలు. తడిగుడ్డ అడ్డం పెట్టండి. పోసేముందు మూడుసార్లు కొట్టండి."

మూడో అంతస్తు ఆయన దగ్గి, "మాకూ ఉత్తరమేనా?" అన్నారు.

ఇన్‌చార్జి తన మైకు మూసేశారు. పావుగంట తర్వాత తెరిచారు. పదింటికి రావాల్సినవాళ్ళని ఆపానన్నారు. వారం గడువు ఇచ్చారు. వచ్చే సోమవారం ఈ రోజు అంకె కన్నా ఒక్క గ్రాము తగ్గినా తాను చేయగలిగింది లేదన్నారు. సున్నా గదికి బియ్యం, గదులకి వారానికోసారి దించే డ్రమ్ములతో పాటు వచ్చే సోమవారమే వస్తుంది, ముందు కాదు. లోపలి తలుపు తెరవడం తన చేతిలో లేదు.

"ఆనందమ్మగారు?" అన్నాను.

"షెడ్డుకి వెళ్ళినవాళ్ళ పేర్లు నా లైనులో ఉండవమ్మా."

పదింటికి వరండాలో బూట్ల చప్పుడు రాలేదు. పదిన్నరకి కూడా రాలేదు. పెద్దమ్మ అప్పుడు బియ్యం కొలిచి, పిడికెడు తీసి, దాన్ని చూసి, కొంచెం వెనక్కి పోసింది. ఈ వారం మేము తగ్గకూడదు. కిందవాళ్ళు బతకాలి. పై అంతస్తుల పిడికిళ్ళు ఎంత పెద్దవో సాయంత్రానికి గాని తెలియదు.

తలుపు అలాగే మూసి ఉంది. మధ్యాహ్నం గోడల్లోంచి ఘాటు వచ్చింది. ముగ్గురం తుమ్మాం.

"ఎట్లా తట్టిందే నీకు, వాళ్ళని చదవాలని?" అంది కోటమ్మ అన్నం తింటూ. "ఇన్ని రోజులు ఎవరికీ తట్టలేదు."

నేను జవాబు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

తలుపులు మూసిన రోజు లోపలి తలుపు దగ్గర బల్ల వేసుకుని, వచ్చేవాళ్ళ పేర్లు రాసింది నేనే. చేతిరాత బాగుంటుందని కూర్చోబెట్టారు. ఆరున్నరకి ఇన్‌చార్జి మైకులో చాలు, పుస్తకం మూసేయమన్నారు. వరసలో ఇంకా ఇరవై నాలుగు మంది నిలబడి ఉన్నారు. ముందున్న ముసలాయన తన పేరు అంకమ్మ అని అప్పటికే చెప్పారు. నేను పుస్తకం మూసేశాను.